కత్తిరించని ఫొటో

కాదక్కా, ఇంత దూరం విమానమెక్కి వచ్చి అలా తల దించుకుని కూర్చుంటే నేనేం చెయ్యను? ముందా కోటు విప్పు. చిన్నది బడి నుంచి వచ్చేలోపు మనం మాట్లాడుకోవాలి. అది వచ్చాక ఈ మాటలొద్దు.

"నా వల్లే, నా వల్లే" అని ఎన్నిసార్లంటావు! ఎయిర్‌పోర్టులో మొదలుపెట్టావు. బస్సులో జనం వెనక్కి తిరిగి చూశారు కూడా. సరే, నీ వల్లే. టీ తాగు.

రేపు పోలీసావిడ నిన్ను అడిగేది ఒక్కటే. నేను పనిచేసే చోటు నా మొగుడికెలా తెలిసిందని. దాని మీదే ఉందట అంతా. చంపడానికొచ్చినవాణ్ని అడ్డుకున్నానని తేలితే నేనూ చిన్నదీ ఈ గదిలోనే ఉంటాం. కావాలని రప్పించానని తేలిందా, నేను జైలుకి, అది ఎవరింటికో. లాయరు ఈ రెండోది చాలా మెల్లగా చెప్పాడు, గోడలు వింటాయన్నట్టు.

మన ఫ్యామిలీ గ్రూపు సంగతి నీకు చెప్పాలా? ఫొటో పడకపోతే అమ్మకి ముద్ద దిగదు. "ఇవాళ ఫొటో ఏదే, బతికే ఉన్నావా?" అంటుంది. చిన్నది బూట్లు తొడుక్కుంటున్న ఫొటో. కిటికీ గట్టు మీద కొత్తిమీర కుండీ. మాడిపోయిన నా దోసె... కాదు, రొట్టె! దాని కింద కూడా బాబాయి "సూపర్" అని పెట్టాడు. నువ్వేమో ఎప్పుడూ ఒకటే మాట, "చిక్కిపోయావేంటే!" నేను తలుపులో పట్టనంత లావైనా నీ కంటికి చిక్కినట్టే ఉంటాను.

వాడి నుంచి తప్పించుకుని దేశం మారాక ఆ ఫొటోలు ఎంత జాగ్రత్తగా తీసేదాన్నో తెలుసా? ముందు కిటికీకి తెర వేసేదాన్ని. బయట తీస్తే దుకాణం బోర్డు పడకూడదు, బస్సు నంబరు పడకూడదు. చిన్నదాని స్వెట్టరు మీద బడి గుర్తుంటుందని తిరగేసి తొడిగేదాన్ని. అదేదో ఆటనుకుని పడీపడీ నవ్వేది. నా యూనిఫారం మీద హోటలు పేరుంటుంది కదా, మెడ దగ్గరికి కత్తిరించి పంపేదాన్ని. "తలకాయ ఒక్కటే పంపావేంటే, మిగతాది పార్సిల్లో వస్తుందా?" అన్నావు నువ్వు. గ్రూపంతా నవ్వారు. నేనూ నవ్వాను.

అంతకుముందు ఫొటోలు వాడే తీసేవాడు. సోఫాలో ముగ్గురం ఉన్న సెల్ఫీ నువ్వు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నావు చూడు, అది తీసిన పొద్దున నన్ను బీరువా తలుపుకేసి కొట్టాడు. పెదవి లోపల రెండుగా చీలింది. "నోరు తెరవకుండా నవ్వు" అన్నాడు. అలాగే నవ్వాను. ఫొటోలో చిన్నది ఎలా బిగుసుకుపోయి ఉందో ఎప్పుడైనా చూశావా? "మొహమాటపడుతోంది బంగారుతల్లి" అన్నారు మీరంతా.

నీకు చెప్పాను కదా అప్పుడే. "మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉండదా, సర్దుకోవే" అన్నావు. సర్దుకున్నాను. చిన్నదాన్ని ఎత్తి గోడకేసి విసిరిన రోజు వరకూ సర్దుకున్నాను.

ఏడవకక్కా. వాడు నీ దగ్గర ఇంతకంటే బాగా ఏడ్చాడు కదా! "మరిది మారిపోయాడే, పిల్ల కోసం కుమిలిపోతున్నాడే" అని నాకే చెప్పావు. నా ఫొటోలు ప్రతిదీ వాడికి పంపుతున్నావని నాకు తెలుసు. ఎలాగంటావా? "దాని రెండు జడలు ఎంత బాగున్నాయో, మరిది కూడా అన్నాడు" అని నోరు జారింది నువ్వే. వెంటనే అమ్మ మోకాళ్ల నొప్పుల్లోకి దూరావు. నేనూ ఊ కొట్టాను.

మా పనిచోటు నువ్వు చూడలేదు. హోటలు వెనకవైపు, నేల కింద బట్టలుతికే గది. ఆవిరికి గోడలు ఎప్పుడూ చెమటపట్టి ఉంటాయి. నాది కోట్లు ఇస్త్రీ చేసే మెషీను. కింద మెత్త, పైన కాలే రేకు. పెడలు తొక్కితే రేకు దిగుతుంది, కాలు తీస్తే లేస్తుంది. కొత్తవాటికి రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాలి, చెయ్యి ఇరుక్కోకుండా. మాది పాతది.

మధ్యాహ్నం మురికిబట్టల బండ్లు వచ్చే వేళ వెనక తలుపు తీసే ఉంచుతారు. ఆ తలుపులోంచే వచ్చాడు. మాటా పలుకూ లేదు. జుట్టు పట్టుకుని మొహం బల్లకేసి కొట్టాడు. ముక్కు విరిగింది, ఇదిగో. మళ్లీ ఎత్తాడు, మళ్లీ కొట్టాడు. "పిల్లేదే?" అన్నాడు. ఆ తర్వాత నా మొహాన్ని రేకు వైపు తోశాడు. కనురెప్పల వెంట్రుకలు మాడిన వాసన నాకే తెలిసింది. బలం చాలక రెండో చెయ్యి ఆ మెత్త మీద ఆనించాడు.

నేను పక్కకి జారాను. జుట్టు కొంత వాడి గుప్పెట్లోనే ఉండిపోయింది. కాలికి పెడలు తగిలింది.

తొక్కాను.

పేరు పెట్టి పిలిచాడక్కా! పెళ్లయ్యాక మొదటిసారి. అంతకుముందు "ఒసే", "ఏయ్", అంతే కదా. గదంతా వినబడేలా పూర్తి పేరు. ఆ చేతిని మణికట్టు దాకా తీసేశారట. చిన్నదాన్ని విసిరింది ఆ చేత్తోనేనా అని చాలాసేపు ఆలోచించాను. గుర్తు రాలేదు.

రేపు నువ్వు చెప్పాల్సింది నిజమే. "ఫొటో నేనే పంపాను, దాంట్లో హోటలు పేరుందని చూసుకోలేదు" అని. అందులో అబద్ధం లేదు, తడబడకు.

అలా చూడకు. సరే, విను. ఆ ఫొటో తీసుకుని మామూలుగానే కత్తిరించాను. పంపబోయి ఆగాను. మెట్ల మీద చప్పుడైతే చిన్నది మంచం కిందికి దూరుతోంది, ఇప్పటికీ. ఎన్నాళ్లు? వచ్చేవాడు ఎలాగూ వస్తాడు, దాని బడికి కాకుండా నా మెషీను దగ్గరికి రానీ అనుకున్నాను. కత్తిరించనిదే గ్రూపులో పెట్టాను. ఇక నీ పని నువ్వు చేస్తావని తెలుసు.

ఇదంతా రేపు చెప్తావో మానుతావో నీ ఇష్టం. ఎవరింట్లోనో పెరిగే పిల్లని చూసి జాలిపడటం నీకు బాగానే వచ్చు.

ఇంకొకటుంది, అది ఎవరికీ చెప్పలేదు. పక్క మెషీను దగ్గరావిడ "కాలు తియ్యి, కాలు తియ్యి" అని అరుస్తూనే ఉందట. వినబడలేదని చెప్పాను. డాక్టరు పరీక్ష చేసి, కుడి చెవి ఎప్పుడో దెబ్బకి పగిలిపోయింది, వినబడదని రాసిచ్చాడు. నిజమే, వాడు కొట్టిన దెబ్బే అది.

ఆవిడ నిలబడింది నాకు ఎడమ పక్కనక్కా. ప్రతి మాటా వినబడింది.