గిన్నె అడుగున పేరు

మిన్నెసోటాలో మొక్కజొన్న కోతల రోజుల్లో ఓ ఆదివారం మధ్యాహ్నం. చర్చిలో నెలవారీ భోజనాలు ముగించుకుని హార్లన్, ఆర్డిస్ ట్రక్కులో ఇంటికి పోతున్నారు. ఆర్డిస్ ఒళ్ళో గాజు గిన్నె ఖాళీగా ఉంది గానీ, ఆవిడ నోరు మాత్రం ఖాళీగా లేదు.

"మూడుసార్లు, హార్లన్. ఒకటి కాదు, రెండు కాదు."

"ఏం మూడుసార్లు?"

"తెలీనట్టు అడగకు. లవోన్ గిన్నెలోంచి మూడుసార్లు వడ్డించుకున్నావు. నేను కాఫీ పోస్తూ ఆ మూలనుంచి చూస్తూనే ఉన్నాను."

"ఎదురుగా ఉంది, వేసుకున్నాను. అటు చూడు, సోరెన్‌సన్ వాళ్ళు ఇంకా కోతలే మొదలెట్టలేదు."

"నాది ఎదురుగా లేదూ? దానిదాన్ని ఆనుకునేగా పెట్టాను."

"నీదీ వేసుకున్నానుగా."

"వేసుకున్నావు, చెంచాడు. పిల్లిక్కూడా అంతకన్నా ఎక్కువ పెడతాం. దాన్ని కూడా బీన్స్ కింద దాచావు."

"దాచలేదు, అదే దూరిపోయింది. అయినా రెండూ ఒకటేగా ఆర్డిస్. అడుగున కైమా, మధ్యలో పుట్టగొడుగుల సూపు, పైన బంగాళాదుంప ముక్కలు. ఎవరు చేసినా హాట్‌డిష్ హాట్‌డిష్షే."

"ఒకటేనా! నలభై ఆరేళ్ళుగా వండి వడ్డిస్తుంటే, నాదీ దానిదీ ఒకటేనా!"

"అది కాదు నేనన్నది..."

"నువ్వేమన్నా నాకేం? ఇదిగో, కళ్ళు పెట్టుకు చూడు. ఖాళీ! మన ఊళ్ళో చివరి ముద్ద ఎవరైనా తీసుకుంటారా? సగం తీసుకుని సగం వదుల్తారు, ఆ సగంలో ఇంకొకరు సగం వదుల్తారు. అలాంటి మనుషులు నా గిన్నె అడుగు గీకి మరీ తిన్నారు."

"అవును. సంతోషం."

"లవోన్‌దయితే బోలెడు మిగిలిపోయింది. పైన అల్యూమినియం రేకు కప్పేసి, తలొంచుకుని పట్టుకుపోయింది. చూశావా?"

"చూళ్ళేదు."

"చూసే ఉంటావు. జాలి కూడా పడుంటావు."

"ఆర్డిస్, ఇవాళ ఆదివారం. ప్రార్థన చేసుకుని వస్తున్నాం."

"ప్రార్థనలో కూడా నీ చూపు ఎటుందో నాకు తెలుసు. సరే, ఒక్కటి చెప్పు. గిన్నెలు కడిగే వంతు ప్రతి నెలా నీకే ఎందుకు పడుతోంది?"

"మగాళ్ళు తలా ఓ నెల కడగాలని పెట్టారుగా."

"తలా ఓ నెల కడగాలని. నువ్వు పద్దెనిమిది నెలలుగా కడుగుతున్నావు! ఇంట్లో ఒక్క చెంచా కడిగిన పాపాన పోలేదు గానీ, అక్కడ చొక్కా చేతులు మడిచి మోచేతుల దాకా నురగ. పక్కనే తువ్వాలు పట్టుకుని లవోన్. నువ్వు కడగడం, ఆవిడ తుడవడం. ఏం మాట్లాడుకుంటారేమిటి?"

"ఏముంటాయి? వానల గురించి."

"పద్దెనిమిది నెలలూ వానే కురిసిందా?"

"మంచు గురించి కూడా."

"నవ్వు రావట్లేదు హార్లన్. ఆ ఐస్‌క్రీమ్ బకెట్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చు. నీకు షుగరు. మనింట్లో ఐస్‌క్రీమ్ కొని రెండేళ్ళయింది. నీ సీటు వెనక మాత్రం ఎప్పుడు చూసినా ఖాళీ బకెట్లు దొర్లుతుంటాయి. ఎక్కడివి?"

"ఎవరో ఇస్తారు. మేకులూ అవీ వేసుకోడానికి పనికొస్తాయని..."

"ఒకటి లవోన్ వాకిట్లో కనబడింది. మూత మీద నీ గ్రీజు వేలిముద్రలతో సహా. ఆవిడ కూడా మేకులు పోగేస్తోందా?"

"పొద్దున్నించీ నడుం నొప్పిగా ఉంది."

"దాన్ని స్కూలు డాన్సుకి తీసుకెళ్ళిన రోజు ఉందా ఈ నడుం నొప్పి?"

"దేవుడా! యాభై రెండేళ్ళయింది ఆర్డిస్! వాళ్ళన్నకి జ్వరమొస్తే నేను కారు తోలాను, అంతే."

"ఎర్ర గౌను వేసుకుంది."

"నాకు గుర్తు లేదు."

"నాకుంది. నేను గోడకానుకుని నిలబడి చూశానుగా. అప్పుడూ నిన్ను చూసి అలాగే నవ్వింది, ఇప్పుడూ అలాగే... మొగుడు క్లిఫర్డ్ పోయి మూడేళ్ళు కాలేదు, ప్రతి భోజనానికీ ఒక్క ఉల్లిపొర కూడా మాడకుండా, కొలిచి వేసినట్టు ఉప్పు... అందరూ లవోన్ లవోన్ అని... ఏమిటిది?"

"ఏమిటి?"

"గిన్నె మూల పెచ్చు ఏది?"

"ఏ పెచ్చు?"

"నా గిన్నెకి మూల పెచ్చు ఊడి ఉంటుంది. మీ అమ్మ పెళ్ళికిచ్చిన గిన్నె, పెళ్ళయిన వారానికే నువ్వు పంపుకేసి కొట్టావు. నలభై ఆరేళ్ళుగా తోమేటప్పుడల్లా నా బొటనవేలికి తగిలే పెచ్చు అది. ఇవాళ తగలట్లేదు. నాలుగు మూలలూ నున్నగా ఉన్నాయి."

"సబ్బు ఎక్కువ పెట్టినట్టున్నాను."

"సబ్బుకి గాజు మొలుస్తుందా? ఉండు, తిప్పి చూస్తా... పేరు నాదే. టేపు నాదే, రాత నాదే. గిన్నె నాది కాదు!"

"ఎవరిదో కలిసిపోయుంటుంది. ఇలాంటి గిన్నెలు ఊరి నిండా ఉన్నాయి."

"అందుకేగా అడుగున పేరు అంటించుకునేది! గిన్నెలు కలుస్తాయి, పేర్లెలా కలుస్తాయి? ఈ టేపు చూడు, అంచులు లేచిపోయి నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. ఎవరో ఊడదీసి మళ్ళీ అతికించారు. లవోన్! గిన్నెలు తుడిచేది అదేగా! నా గిన్నె అది కొట్టేసి, తన గిన్నె నా మొహాన కొట్టింది. బండి తిప్పు."

"ఆర్డిస్..."

"బండి తిప్పమన్నానా! ఇవాళ దాని గుమ్మంలోనే తేల్చుకుంటాను."

"లవోన్ కాదు."

"వెనకేసుకు రాకు!"

"నేనే మార్చాను."

"ఏం మార్చావు?"

"టేపులు నేనే ఊడదీసి మార్చాను. సింకు దగ్గర."

"ఎందుకు?"

"ఇంటికెళ్ళాక చెప్తాను."

"ఇక్కడే చెప్పు. హార్లన్, ఆపు బండి. పక్కకి తీసి ఆపు. ఎందుకు మార్చావు?"

"నీది మిగిలిపోయింది."

"ఎంత?"

"చాలా."

"చాలా అంటే?"

"నేను తీసుకున్న చెంచాడు తప్ప... అలాగే ఉంది."

"అబద్ధం! పోయిన నెల ఖాళీ అయింది. అంతకు ముందు నెల కూడా. ఈస్టరుకి అయింది. అప్పుడు పెచ్చు ఉంది నా గిన్నెకి, నేను తోమాను."

"అప్పుడు బకెట్లో పోసేసి నీ గిన్నె కడిగిచ్చేవాణ్ణి. ఇవాళ బకెట్ ట్రక్కులో మర్చిపోయాను. తెద్దామంటే పాస్టరు వంటగదిలోకి వచ్చి నిలబడ్డాడు, నువ్వు కోటు వేసుకుని వచ్చేస్తున్నావు. ఏం చెయ్యాలో తోచక టేపు మార్చేశాను."

"ఐస్‌క్రీమ్ బకెట్లో."

"అవును."

"పద్దెనిమిది నెలలుగా."

"అవును."

"నా చేతి వంటని... ఏమొచ్చింది నా వంటకి? చెప్పు. నా మొహం చూసి చెప్పు."

"ఉప్పు."

"ఏం ఉప్పు? లెక్క ప్రకారం వేస్తాను నేను!"

"వేస్తావు. కాసేపాగి మళ్ళీ వేస్తావు. రుచి చూసి మళ్ళీ వేస్తావు. నిరుడు చలికాలం నీకు జ్వరమొచ్చి లేచాక మొదలైంది."

"నాకేం కాలేదు. నా నాలుక బాగానే ఉంది."

"ఇవాళ పొద్దున కాఫీ నేను పెట్టిచ్చాను కదూ?"

"పెట్టావు. అయితే?"

"ఎలా ఉంది?"

"కాఫీ కాఫీలాగే ఉంది."

"రెండు చెంచాల దాల్చినచెక్క పొడి కలిపాను ఆర్డిస్. వాసనకి నాకే తుమ్మొచ్చింది. నువ్వు కప్పు మొత్తం తాగి, బాగుందన్నావు. ఏడవకు."

"ఏడవట్లేదు. నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నించీ. నువ్వు చెప్తావేమోనని చూశాను."

"ఎలా చెప్పను? ఈ ఊళ్ళో నాకున్నదేమిటి చెప్పు? పాడటం రాదు, కుట్టడం రాదు. ఎవరింట్లో చావైనా పుట్టుకైనా ఆర్డిస్ హాట్‌డిష్ రావాలి, అదొక్కటే నాకున్నది. నోట్లో ఏం పెట్టుకున్నా తడిపిన అట్టలా ఉంటోందని ఎవరితో చెప్పను? చెప్తే ఇక నాకెవరైనా బల్ల మీద చోటిస్తారా? పాస్టరు పెళ్ళాం బార్బ్ పోయిన నెల ఏమందో తెలుసా? 'నీ వంట అదో రకంగా ఉంటోంది ఆర్డిస్' అంది."

"మెచ్చుకుంది కాబోలు."

"ఈ ఊళ్ళో చచ్చినా ఎవరూ బాలేదనరు. అదో రకంగా ఉందంటారు. మన పెళ్ళిలో మీ అమ్మ నన్ను చూసి అదే అంది."

"అమ్మ సంగతి వదిలెయ్."

"మరి ఇంట్లో? రోజూ రాత్రి నువ్వు తినేది?"

"తింటున్నానుగా."

"ఎలా తింటున్నావు?"

"నీళ్ళు తాగుతూ."

"అందుకా రోజూ నీ కంచం పక్కన ఆ నీళ్ళ జగ్గు! షుగరెక్కువై దాహమేస్తోందేమోనని డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్ళానే నిన్ను!"

"ఆయన అడిగాడు, ఉప్పెక్కువ తింటున్నావా అని. లేదన్నాను."

"పిచ్చి సన్నాసీ! నీ గుండె ఏం కావాలి? ఆ ముక్క నాకు చెప్పడానికి నోరు రాలేదు గానీ, దానికి చెప్పావు కదూ. ఊరినిండా ఇంతమంది ఉండగా లవోన్‌కి చెప్పావు."

"చెప్పలేదు. మొదటి నెలలోనే ఆవిడ చూసేసింది, నేను చెత్తబుట్టలో పొయ్యబోతుంటే. చెయ్యి పట్టుకుని ఆపింది."

"చెయ్యి కూడా పట్టుకుందా!"

"చెత్తలో వద్దు, నాకియ్యి, తీసుకెళ్తానంది. అప్పట్నుంచీ బకెట్ నేను తెస్తాను, ఆవిడ తీసుకెళ్తుంది. మా మధ్య ఉన్నదంతే."

"నెలనెలా దానికి పండగన్నమాట. ఇంటికెళ్ళి మూత తీసి, ఒక్క చెంచా నోట్లో వేసుకుని, పడీ పడీ నవ్వుకుని... పోనియ్యి బండి. ఇంటికే పోనియ్యి. ఎవరి మొహమూ చూడలేను."

"అలాగే. కానీ..."

"కానీ ఏంటి?"

"అదిగో, మన వాకిట్లో ఉన్న నీలం కారు లవోన్‌ది."

ఆర్డిస్ ట్రక్కు పూర్తిగా ఆగకముందే దిగిపోయింది. మెట్ల మీద లవోన్ రేకు కప్పిన గిన్నె రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

"ఆర్డిస్, ఇది నీ గిన్నె. మూల పెచ్చు ఉంది చూడు. పొరపాటున నా దగ్గరికి..."

"పొరపాటు కాదని ఈయన చెప్పేశాడు. అంతా చెప్పేశాడు."

"చెప్పేశావా హార్లన్?"

"పెచ్చు దగ్గర దొరికిపోయాను."

"నువ్వు మాట్లాడకు, లోపలికి పో. లవోన్, ఎంతసేపు నవ్వుకునేదానివి? నెలకోసారి నవ్వితే సరిపోయేదా, వారం వారం గుర్తు తెచ్చుకునేదానివా?"

"నవ్వలేదు ఆర్డిస్."

"ఇంకెవరెవరికి చెప్పావు? బార్బ్‌కి చెప్పుంటావు."

"ఎవ్వరికీ చెప్పలేదు. బార్బ్ అడిగితే నీది మొట్టమొదట అయిపోయిందన్నాను."

"ఎందుకు? నా మీద జాలా? నాకు నీ జాలి అక్కర్లేదు!"

"జాలి కాదు."

"మరి ఆ బకెట్లు ఏం చేసేదానివి? కుక్కలకి పోసేదానివా?"

"తినేదాన్ని."

"ఆ ఉప్పునా?"

"రెండు బంగాళాదుంపలు ఉడికించి మెదిపి కలిపితే తగ్గుతుంది. నాలుగైతే ఇంకా నయం. వారం వచ్చేది."

"నీకు వండుకోడం చేతకాదా? ఊరంతా మెచ్చుకునే చెయ్యి నీది!"

"క్లిఫర్డ్ పోయాక ఇంట్లో పొయ్యి వెలిగించాలంటే చేతులు రావు. నెలకోసారి చర్చికి వండుతాను, అంతే. మిగతా రోజులు టోస్టు."

"టోస్టా?"

"నిలబడే తింటాను, సింకు దగ్గర. కంచం కూడా తియ్యను."

"అందుకని నా ఉప్పు కూడు పట్టుకెళ్ళావా? అంత గతిలేక?"

"దాన్ని చెత్తలో పొయ్యడం చూడలేకపోయాను. ఎందుకో నీకు చెప్పాలని లేదు."

"చెప్పు. ఇంతదాకా వచ్చాక దాచేదేముంది? చెప్పే వెళ్ళు."

"నా గిన్నె ప్రతి నెలా ఖాళీ అవుతుంది ఆర్డిస్. తీసుకెళ్ళి బల్ల మీద పెడతాను, అయిందా అని అడిగే మనిషి లేడు. నీది మిగిలిపోయిందని నీకు తెలిస్తే బాధపడతావని, ఈ మనిషి పద్దెనిమిది నెలలు సబ్బునీళ్ళలో చేతులు పెట్టి నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయి, గుమ్మం వైపు చూసుకుంటూ. పక్కన తువ్వాలు పట్టుకుని నేను. నవ్వుకున్నావా అని అడిగావు చూడు... నిన్ను చూసి కుళ్ళిపోయేదాన్ని, ఆర్డిస్."