పెన్ను ఎత్తినాక

ఖరగ్‌పూర్, 1994. మధ్యాహ్నం రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో కంప్యూటర్ ముందు ఒకమ్మాయి కూర్చుంది. పక్కన ఆమె మేనమామ.

“మావయ్యా, మన ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ పాత మ్యాపుని ఈ టాబ్లెట్ పలక మీద పెట్టి, దాని పెన్నుతో కంప్యూటర్లోకి గీస్తన్నాను. తెర మీద బాణం మన క్వార్టర్ పెరట్లోకే పోతంది.”

“పెన్ మోడ్‌లో పెన్ను ఎక్కడ పెడితే బాణం అక్కడికే దూకుతాది. మౌస్ మోడ్‌కి మార్చు, ఉన్నచోటు నుంచి మెల్లగా కదుల్తాది.”

“మార్చినాను. మళ్లీ అక్కడికే పోయింది.”

“పెన్ను పైకెత్తు.”

“ఎత్తినాను. సూడు, దానంతటదే గుండ్రంగా గీస్తంది! అక్కడేటుంది?”

“నుయ్యి. పూడ్చేసినాం.”

“ఎందుకు?”

“నీకంటే ముందు మీ అమ్మకో పాప పుట్టింది. అందులో పడిపోయింది.”

“నాకెవరూ చెప్పలేదే!”

“మెషిన్ ఆపీ, తల్లీ.”

“ఆపను. అక్క పేరేటో చెప్పు, అక్కడ రాస్తాను.”

“నీ పేరే. దాని పేరే నీకు పెట్టినాం.”