రెండో పలక దగ్గర వంకర

అలా విసుక్కోకండి ప్రిన్సిపాల్‌గారూ. ఫిజిక్సు మేడమ్‌కి అన్నీ అర్జంటే అనుకున్నా సరే, అటెండరు ముత్యాలుని ఉద్యోగంలోంచి తీసేసే ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు ఓ ఐదు నిమిషాలు నా మాట వినాలండి. ఆయ్, అతని మీద ఫిర్యాదు రాసిచ్చింది నేనే. కాదన్నానా?

ఈ లాప్‌టాప్ ఇలా చూడండి. మన కాలేజీ మేడ మీద నాలుగు పలకల డిటెక్టరు ఉందా? ఆకాశంలోంచి వచ్చే కణం నాలుగింట్లోంచీ దూసుకుపోతూ ఒక్కో పలకలో ఒక్కో చుక్క వదుల్తుంది. ఆ చుక్కలు కలిపితే అది వచ్చిన దారి. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా రావాలి.

మరి ఇవేంటండీ? ప్రతిదీ రెండో పలక దగ్గర రెండు వేళ్లు తూర్పుకి జరిగి, మళ్లీ దార్లో పడుతోంది. ఎక్కడినుంచో ఇంత దూరం బుద్ధిగా వచ్చి, సరిగ్గా మన కొత్తపేట మేడ మీద పక్కకి ఒత్తిగిల్లుతాయా? జరిగింది పలకండి. తుడుస్తూ ముత్యాలే జరిపేసుంటాడని రాసిచ్చేసేను.

నిన్న కూర్చుని ముడి డేటా, అంటే పలకలు పంపిన అంకెల్ని ఉన్నవున్నట్టుగా, మొదట్నుంచీ మళ్లీ తవ్వేను. వంకర మొదలైంది పన్నెండో తారీకు ఆదివారం, పదకొండున్నరకి. ఆవేళ ముత్యాలు మలికిపురంలో మేనకోడలి పెళ్లిలో ఉన్నాడు. సెలవు చీటీ మీద సంతకం మీదే కదండీ.

మేడ తాళంచెవి ఇంకెవరి దగ్గరుందంటారా? ఉన్నవి రెండేనండి. ఒకటి ముత్యాలు దగ్గర. రెండోది... ముందు కాసిని మంచినీళ్లు తాగండి.

నా దగ్గర.

మా ఇంటిచుట్టూ కొబ్బరిచెట్లేనండి, ఎండ పొడ తగలదు. ఇంత మేడ ఊరికే ఎండుతోంది కదాని ఆ ఆదివారం పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టుకున్నాను. గాలికి చీర లేచిపోతోందని ఓ కొస రెండో పలక చట్రానికి కట్టేను. అది కాస్తా పలకని లాగేసింది.

డేటాకేం ఫర్వాలేదండి. ఆ రెండు వేళ్లూ లెక్కలో వెనక్కి జరిపితే గీతలన్నీ తిన్నగా వస్తున్నాయి. ముత్యాలు కాగితం మాత్రం చింపేయండి. పొద్దున్న గేటు తీస్తూ ఎప్పట్లాగే నమస్కారం పెట్టేడు, నాకు తల కొట్టేసినట్టయింది.

రిజిస్టర్లో కారణం దగ్గర వడియాలనే రాసి సంతకం పెడతాను. నాకు మెమో ఇస్తారా, ఇవ్వండి. కానీ పోయిన వారం స్టాఫ్ రూములో నా డబ్బాలోవి తిని, బాగున్నాయని మిగిలినవి మీ ఇంటికి పట్టుకెళ్లేరే, అవేనండి.