శిరీన్ చదివిన ముగింపు

ఎర్రగుంట్లలో లారీలో సరుకు దించుతుండగా కళ్లలో సున్నం పడిన షబ్బీర్‌కు ఆ ఉదయమే కట్లు విప్పారు. ఇంటికి రాగానే అతను కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కట్లున్నన్నాళ్లూ అక్క శిరీనే తెర మీది మాటలు చదివి వినిపిస్తూ, అతను చెప్పినట్టు ఆట ఆడింది.

“అక్కా, నువ్వు ఆడిన ఆట చివర చూస్తాండా.”

“అక్షరాలు కనపడతాండాయా?”

“శానా చిన్నవి కూడా కనపడతాండాయి.”

శిరీన్‌కు గుండెల మీది బరువు దిగినట్టయింది.

“యుద్ధంలో లోకమంతా కాలిపోయినాక ఆటలో మనోడు తిరిగి తిరిగి ఊరికి నీళ్లు తెచ్చినాడు గదా. ఊరోళ్లు ఎదురొచ్చి లోపలికి పిల్చుకపోయినారని చదివితివే?”

“చదివితి.”

“ఈడ అట్ల లేదు. ‘బయట తిరిగి మారిపోయినావు, నీకు ఈడ చోటు లేదు’ అని వాకిట్లోనుంచే పంపేసినారు.”

“కాపాడినోనికే ఇల్లు లేకుండా చేసేదేం కథరా!”

“ఇట్లాంటి ఆటలన్నీ అంతేలేక్కా. అది సరే, నాకెందుకు అబద్ధం చెప్తివి?”

“ఆ పొద్దు నువ్వేమంటివి? చూపు రాకుంటే మీకు బరువైతా, యాడికన్నా ఎల్లిపోతా అంటివి. అట్లాంటోనికి ఇది ఎట్ల చదివేది?”

షబ్బీర్ కంప్యూటర్ ఆపేశాడు.

“నీదే బాగుండాదక్కా. కళ్లు మూసుకుంటా, ఇంకోతూరి చెప్పు.”

“మూయొద్దురా! నన్ను చూస్తానే విను.”