పదకొండు గంటల ఆట

“తాతా, నువ్వు ప్రార్థనలో పెరిగినోడివి. నీకిలాటి తగులాటం ఎప్పుడూ లేదు కదా?” అంటన్నావు. లేదనుకుంటన్నావేటి? ముందా కుర్చీ ఇలా లాక్కుని కూకో, ప్రసాదూ. మా చెల్లెలి మనవడివి, వచ్చేనెల పెళ్ళికొడుకువి. ఇంతదూరం బండేసుకొచ్చి, ఈ ముసలి మాస్టారి ముందు తలొంచుకుని “ఫోన్లో ఆ చెడ్డ వీడియోలు చూడ్డం మానలేకపోతన్నాను” అని నోరు తెరిచి చెప్పేవు చూడు, నాకదే ఎంతో సంతోషంగా ఉన్నాది. ఆ మాట చెప్పడానికి నాకు ఏడేళ్ళు పట్టింది మరి.

ఒసే కరుణా! పిల్లడొచ్చేడు, టీ పెట్టు. మీ కరుణమామ్మ వింటాదేమోనని వెనక్కి చూడకు. ఇందులో ఆవిడకి తెలీని ముక్క ఒక్కటీ లేదు.

అప్పట్లో ఫోన్లేవీ? పదకొండు గంటల ఆట ఉండేది. నరసన్నపేటలో ఒక సినిమాహాలు. మధ్యాన్నం నుంచీ మామూలు సినిమా, ఆడవాళ్ళూ పిల్లలూ వచ్చేవారు. పొద్దున్న పదకొండుకి మాత్రం వేరే బొమ్మ. గోడమీద చిన్న పోస్టరు, దానిమీద పేరుకంటే పెద్ద అక్షరాల్లో పెద్దలకు మాత్రమే అని. అందరూ మొగాళ్ళే. తలకి తువ్వాలు చుట్టుకుని, ఒకడి మొహం ఒకడు చూడకుండా లోపలికి దూరడం. బెంచీ రూపాయి పావలా... కాదు కాదు, అది నేల. బెంచీ రెండు రూపాయలు. టీ అర్ధరూపాయికొచ్చే రోజులవి.

నౌపడ పక్కన, ఆ ఉప్పు మడులకి ఇవతల, ప్రైమరీ స్కూల్లో నాకు ఉద్యోగం. పెళ్ళయి రెండేళ్ళు. ఎవడో స్నేహితుడు లాక్కెళ్ళేడని చెప్దునుగానీ, అది అబద్ధం బాబూ. నేనే వెళ్ళేను. పరీక్ష పేపర్లు తేవడానికెళ్తే బస్సు ఆలస్యమయింది, ఎండగా ఉన్నాదని నీడకి వెళ్ళేను. నీడకెళ్ళినవాణ్ణి ఏడేళ్ళు బయటికి రాలేకపోయేను.

నవ్వుతావేమో, ఎవరైనా జ్వరమొస్తే సెలవు పెడతారు కదా? నాకు జ్వరమొస్తే బడికెళ్ళేవాణ్ణి. సీఎల్లన్నీ ఆ ఆటకి దాచుకోవాలి కదా! మా హెడ్మాస్టరు పాపం, “యోహాను మాస్టారిలా ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే మనిషిని చూళ్ళేదు” అని పదిమందిలో పొగిడేవారు. ఆ పొగడ్త మోసుకుని ఇంటికొస్తే, మీ మామ్మ అన్నం పెడుతుంటే మొహమెత్తి చూడలేను. ఆవిడేదో మాటాడుతూ ఉంటాది, నా కళ్ళముందు ఆ తెరమీది బొమ్మలే. “ఏటైనాది మీకు?” అనేది. “బడి పని” అనేవాణ్ణి. ఎన్ని బడిపనులు పుట్టించేనో!

అలాగని దేవుడంటే భయం లేదా అంటే, ఉన్నాది. మా తాతలనాటి నుంచీ సంఘంలో ఉన్నవాళ్ళమే. ఆట చూసొచ్చిన ప్రతిసారీ మోకాళ్ళమీద పడి ఏడ్చి ఒట్టేసుకునేవాణ్ణి. నాలుగు వారాలు నిలిచేది ఒట్టు. అయిదో వారం మళ్ళీ బస్సెక్కేవాణ్ణి. పాస్టరు అయ్యగారి దగ్గరికెళ్ళి, సంగతి చెప్పకుండా, నాకింకోసారి బాప్తిస్మం ఇవ్వండీ అనడిగేను. ఆయన నవ్వి, “మొదటిసారి సరిగా తడవలేదా మాస్టారూ?” అన్నారు.

ఇహ నేను చేసిన ఘనకార్యం విను. మన సంఘాల్లో పాటలయ్యేక, సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండీ అంటారు కదా. ఒకావిడ లేచి తప్పిపోయిన గేదె దొరికిందంటాది, ఒకాయన కొడుక్కి కామెర్లు తగ్గేయంటాడు. ఒక ఆదివారం నేను లేచేను. అప్పటికి ఆరు వారాలు ఆటకి వెళ్ళలేదు, అదో పొంగు. “పెళ్ళికి ముందు నేను ఫలానా పాపానికి బానిసని, ప్రభువు ఒక్క రాత్రిలో నన్ను విడిపించేడు” అని చెప్పేను. పెళ్ళికి ముందట! పంతుల్ని కదా, పిల్లలకి కథ చెప్పినట్టు ఎత్తుకోవడం, ఆపడం, గొంతు తగ్గించడం, అంతా వచ్చును. హల్లెలూయ అని హోరెత్తిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ ఆటకెళ్ళేను.

కానీ సాక్ష్యం ఆగలేదే! ఆ ఊరివాళ్ళు విని ఈ ఊరివాళ్ళకి చెప్పి, ఎక్కడ కూటాలు పెట్టినా “యోహాను మాస్టారి చేత చెప్పించండి” అనేవారు. జబ్బా పట్టుకుని తీసుకెళ్ళేవారు. నేను చెప్తుంటే కుర్రాళ్ళు ఏడ్చేవారు. నేనూ ఏడ్చేవాణ్ణి. నా ఏడుపు నిజమైనదే, చూడు, అదే చిత్రం.

ఒక శుక్రవారం సాయంత్రం సముద్రపొడ్డున బెస్తవాళ్ళ పేటలో చెప్పేను. తెల్లారితే రెండో శనివారం, బడి సెలవు. రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే తిన్నగా ఇంటికి రావలసినవాణ్ణి, టెక్కలి మీదుగా నరసన్నపేట బస్సెక్కేను. ఇంటర్వెల్లో లైట్లు వెలిగేయి. ముందు బెంచీలో మనిషి ఒళ్ళు విరుచుకుని ఇలా వెనక్కి తిరిగి, నన్ను చూసి, అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తి, “వందనాలు మాస్టారూ!” అని గట్టిగా అనేసేడు.

హాలంతా తిరిగి చూసింది. వెనకనుంచి ఎవడో, “ఏ కళాశాలండీ మాస్టారిది?” అని ఒకటే నవ్వు.

సింహాద్రి ఆ మనిషి పేరు. చేపలవేట. నలభై ఏళ్ళుంటాయి, సంఘంలోకి కొత్తగా వచ్చినవాడు. ఆ పేటలో అంతకుముందోసారి కూడా నా సాక్ష్యం విన్నాడట. బెంచీ దాటొచ్చి నా పక్కన కూకుని, వేరుశనగల పొట్లం నా చేతిలో పెట్టి ఏమన్నాడో తెల్సా?

“రెండు నెల్లు ఈ గుమ్మం తొక్కనేదు మాస్టారూ. మీరు మానీగలిగినారు, నానెందుకు మానలేనూ అనుకున్నాను. ఇయ్యాల వల తాడు కొనాలని వచ్చి ఓడిపోయినాను. బొమ్మ మొదలైన కాడ్నుంచీ సిగ్గుతో సచ్చిపోతన్నాను. మిమ్మల్ని సూసినాక సిగ్గు పోయినాది. మీరే మాననేదంటే ఇంక నాకేటి బెంగ?”

వెటకారం కాదు. నిజంగా తేలికపడి, నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు, ప్రసాదూ... నా ఒక్కడి సంగతైతే ఇంకో ఏడేళ్ళు ఏడ్చి ఊరుకుందును. రెండు నెలలు నిలబడ్డ మనిషిని నా అబద్ధం నిలబెట్టింది, నా అబద్ధమే పడగొట్టింది.

చెయ్యి పట్టుకున్నాను. “లే సింహాద్రీ, బయటికి పద.”

“బొమ్మ సగమే అయినాది కదా మాస్టారూ!”

“లేస్తావా, ఈడ్చుకెళ్ళమంటావా?”

బయట కళ్ళు చెదిరే ఎండ. టీ బడ్డీ దగ్గర నిలబెట్టి ఏడేళ్ళ సంగతీ చెప్పేసేను. మొదటిసారి, ఒక మనిషికి. ఆయన టీ చల్లారిపోయింది. చివరికి, “అయితే ఇద్దరం ఒకే పడవలో ఉన్నామన్నమాట” అన్నాడు.

ఇంటికొచ్చి మీ మామ్మకి చెప్పేను. అరుస్తాదనుకున్నాను. అరవలేదు. తొమ్మిది రోజులు కంచం పెట్టడం, వెళ్ళిపోవడం. పదోరోజు గుమ్మంలో నిలబడి, “పెళ్ళికి ముందని సెప్పినారు. ఎవుల పెళ్ళికి ముందు?” అంది. మళ్ళీ తనే, “ఏ నోటితో ఆ సాచ్చిం సెప్పినారో, ఆ నోటితోటే తప్పని సెప్పండి. ఆ పడవాయన కూడా ఇనాల. అప్పుడు సూద్దాం మన కాపరం సంగతి.”

అయ్యగారు వద్దన్నారు. “మాస్టారూ, సంఘం పరువు పోతాది, లోలోపల సర్దుకోండి” అన్నారు. నేను వినలేదు. ఆదివారం లేచి నిలబడ్డాను. ఈసారి గొంతు తగ్గించడాలూ అవీ ఏమీ రాలేదు. “నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం. పెళ్ళికి ముందు కాదు, మొన్నటిదాకా. ప్రభువు విడిపించలేక కాదు, నేనే ఆయన చెయ్యి పట్టుకోలేదు. నాకోసం ప్రార్థన చెయ్యండి.” అంతే. అప్పుడు ముందు చాపమీంచి ఒక ముసలమ్మ, “ఇన్నాళ్ళకి మా మాస్టారు సాచ్చిం సెప్పినాడర్రా! హల్లెలూయ అనరేటి?” అని గదమాయించింది. వెనక గోడకి ఆనుకుని సింహాద్రి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

అక్కడితో అయిపోయిందనుకోకు. అసలు పని సోమవారం మొదలయింది.

కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామంటే అవే బొమ్మలు వచ్చేవి. అందుకని కళ్ళు తెరిచి, ఉప్పు మడుల గట్టుమీద నడుస్తూ, పైకి చెప్పుకునేవాణ్ణి. కూలీలు “మాస్టారికి మతి పోయినాది” అనుకున్నారు. అనుకోనీ. శుక్రవారాలు ఉపవాసం, సాయంత్రం గంజి తాగడం. నరసన్నపేట బస్సెక్కవలసిన పనుంటే మీ మామ్మ కూడా వచ్చేది. సిగ్గనిపించేది, పెద్ద ఉద్యోగస్తుణ్ణి కదా! కానీ నా బలం ఎంతో నాకు తెలిసిపోయింది. బలం ఆయన దగ్గర అడుక్కోవడమే, మళ్ళీ మర్నాడు మళ్ళీ అడుక్కోవడమే.

ఇంకొకటి, ఇది సింహాద్రి పుణ్యం. శనివారాలు మా బడి పొద్దుటిపూటే, పదిన్నరకల్లా వదిలేసేవారు. ఇద్దరికీ మహా కష్టమైంది ఆ శనివారం పదకొండు. “ఆ గంటకి మీ యింటికొచ్చి కూకుంటాను మాస్టారూ, ఒకుల్నొకులు కాపలా కాద్దాం” అన్నాడు. ఊరికే ఎదురెదురుగా కూకుంటే ఏం తోస్తాది? పలక తీసి చేతిలో పెట్టేను. నాకు వచ్చింది అదొక్కటే కదా. వేటనుంచి దిగి, సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. ముందు నేను, “ఈ వారం ఎలాగున్నావు?” అనాలి. తర్వాత ఆయన అదే నన్నడగాలి. అబద్ధమాడకూడదు. ఆ తర్వాత అ, ఆ. వల అల్లే వేళ్ళు, బలపం పడితే చిట్లిపోయేది. “ఈ ‘ణ’ని కట్టినోడెవుడు మాస్టారూ, వల ముడికంటే కష్టంగున్నాది” అని తిట్టేవాడు.

పడలేదా అంటే, నాలుగో నెలలో ఆయనొకసారి పడ్డాడు. మరో రెండు నెలలకి నేను ఒక్కణ్ణీ బస్సెక్కి హాలు గేటుదాకా వెళ్ళేను. గేటు చువ్వ పట్టుకుని, “ప్రభువా, సింహాద్రికి శనివారం ఏం చెప్పను?” అన్నాను. అంతే ప్రార్థన. కాళ్ళు వెనక్కి తిరిగేయి. నేను తిప్పలేదు బాబూ, అది మాత్రం ఇప్పటికీ చెప్తాను, నేను తిప్పలేదు.

ఇంకా కొన్నాళ్ళయ్యేక ఒక శనివారం, మేం ఒత్తుల దగ్గర పోట్లాడుకుంటుంటే మీ మామ్మ అన్నానికి లెమ్మంది. చూస్తే ఒంటిగంట. పదకొండు ఎప్పుడు దాటిందో ఇద్దరికీ తెలీదు! సింహాద్రి నా మొహం చూసేడు, నేను ఆయన మొహం చూసేను. చిన్నపిల్లల్లా ఎగిరి గెంతేం. పలక పగిలింది కూడాను.

ఆ ఏడు క్రిస్మస్సుకి సంఘంలో వాక్యం ఆయన చేత చదివించేరు. ఒక్కో మాటా వేలు పెట్టి, ఆగి ఆగి. ఒక్కచోట తడబడితే సంఘమంతా ఊపిరి బిగబట్టింది. చదివేసేడు! వాళ్ళావిడ ఆడవాళ్ళ వైపునుంచి లేచి చప్పట్లు కొట్టేసింది.

తర్వాత మూడేళ్ళు నేను సాక్ష్యానికి లేవలేదు. ఎంతమంది పిలిచినా కూటాలకి వెళ్ళలేదు. ఒక ఆదివారం అయ్యగారు, “మాస్టారూ, ఇప్పుడైనా చెప్పకూడదా?” అన్నారు. నేను తల అడ్డంగా ఊపేను. అప్పుడు ఆడవాళ్ళలోంచి మీ మామ్మ లేచింది. జన్మలో పదిమందిలో నోరు తెరిచిన మనిషి కాదు. ముసుగు సర్దుకుని, “ఆరు సెప్పరు. నాను సెప్తాను” అంది. “లోగడ ఈరు ఊరెల్తే, వచ్చేదాకా నాకు నిద్దరుండేది కాదు. ఇప్పుడు ఏ ఊరెల్లినా నాను తిని తొంగుంటాను. దేవుడికి తోత్రం.” అని కూకుండిపోయింది.

నా బతుక్కి అంతకంటే ఏం కావాలి చెప్పు.

అదిగో టీ తెస్తన్నాది, తీసుకో. లేవకు లేవకు, అలాగే కూకో. తలమీద చెయ్యి వెయ్యనీ. ప్రభువు నీ కళ్ళకీ చేతులకీ తోడుండాలి నాయనా. నీ ఇంటికొచ్చే ఆ పిల్ల హాయిగా నిద్రపోవాలి. ఊ, ఇప్పుడు చెప్పు, ఈ వారం ఎలాగున్నావు?