రేవు దాటేలోగా బారెడు ఊలు

సభకు పెద్దగా విచ్చేసిన రహదారి సంఘం అధ్యక్షురాలు కెర్తూలా గారికి, దీవి మీది పెద్దలకు, ఇవతలి ఒడ్డు మిత్రులకు, వంటగదిలో సాల్మన్ సూపు కాస్తూ కిటికీలోంచి వింటున్న అమ్మలకు అందరికీ ఈ ఉర్మాస్ నమస్కారాలు. ముప్పై ఏళ్లకు పైగా మిమ్మల్ని, మీ బళ్లను పంటు పడవ మీద ఈ సరస్సుకు అటూ ఇటూ దాటించాను గానీ, చివరికి ఇలా మైకు ముందు నిలబెడతారని తెలిస్తే నిన్ననే అవతలి ఒడ్డున దిగి పారిపోయేవాణ్ని. (నవ్వులు)

అధ్యక్షురాలు గారు నన్ను చాలా పొగిడారు, రేపు తెరవబోయే వంతెనను ఇంకా ఎక్కువ పొగిడారు. మంచి వంతెనే, కాదనను. కానీ అమ్మా, ఏమీ అనుకోకండి, ఆ వంతెనను చూస్తే నాకు ఒళ్లు మండుతోంది. ఉద్యోగం పోతోందని కాదు, నా వయసుకి ఎలాగూ పోవలసిందే. నా బాధంతా పంటు గదిలో పొయ్యి పక్కనున్న ఆ బల్ల గురించి.

పోయిన చలికాలం మొదట్లో ఆ బల్ల మీద సైమి గారు కూర్చున్నారు. బడి వంటగదిలో ఆవిడ చేతి గంజి తాగనివాళ్లు ఈ హాల్లో ఎవరూ లేరు. ఆవిడ ఎడమ బొటనవేలికి ఊలు చుట్టి, వెడల్పాటి ఎముక సూదిని ఆ చుట్లలోంచి దూర్చి లాగుతూ, నాలుగు వేళ్లకీ ఒకే గది ఉండే మన చేతి తొడుగు అల్లుతోంది. నేను ఊరుకోలేక, "సైమి గారూ, ఒంటి సూదితో ఈ తంటా ఎందుకండీ, రెండు పుల్లలతో అల్లితే ఇట్టే అయిపోతుందిగా?" అన్నాను. ఆవిడ తలైనా ఎత్తకుండా, "నువ్వు ఈదుకుంటూ పోవచ్చుగా, ఊరికే డీజిలు తగలేస్తావెందుకు?" అంది. (నవ్వులు) మన ఫిన్లండు వాళ్లు నోరు విప్పరని ఎవరో అంటారు. వాళ్లు సైమి గారిని చూసుండరు.

అలా మొదలైంది నా చదువు. పంటు ఇనుప తాడు వెంట దానంతటదే పోతుంది కాబట్టి మీట వేశాక నా చేతులు ఖాళీయే. ఈ అల్లికకు ఊలు ఉండలోంచి లాగుతూ పోతే కుదరదు, బారెడు ముక్క తీసుకోవాలి, అది అయిపోతే దాని కొసా కొత్త ముక్క కొసా ఉమ్ముతో తడిపి, అరచేతుల మధ్య రుద్ది ఒకటి చెయ్యాలి. ముడి వేస్తే ఆవిడ ఊరుకోదు. నేను కాఫీ తాగుతూ తడిపేవాణ్ని కాబట్టి నా తొడుగు మీద అతుకు పడ్డ ప్రతిచోటా గోధుమరంగు మచ్చే. విచిత్రం ఏమిటంటే, ఆవిడకి బారెడు ఊలు అయ్యేసరికి మన పంటు ఒడ్డుకు తగిలేది. నాకు మాత్రం సగం కూడా అయ్యేది కాదు.

ఆవిడకి ఒకటే నియమం: ఒకరి పని ఇంకొకరు ముట్టుకోకూడదు. "మనకి కొలత బొటనవేలే. నా వేలు వేరు, నీ వేలు వేరు. ఒక్క వరస నువ్వేస్తే అక్కడే బుడిపె కడుతుంది" అనేది. నేను ఎంత తప్పు వేసినా చేతులు ఒళ్లో పెట్టుకుని నోటితోనే దిద్దింది. ఆ నోరు మీకు తెలుసుగా.

(మూడో వరసలోంచి సైమి గారు: "సోది ఆపి ముగించవయ్యా!" నవ్వులు)

ముగిస్తానండీ. నేను మణికట్టు దాకా అల్లేసి గొప్పగా చూపించాను. బొటనవేలికి కన్నం వదలడమే మరిచాను. టపా బండి ఓస్మో చూసి, "ఏం బాబాయ్, కెటిలుకి టోపీయా?" అన్నాడు. అదుగో, నవ్వుతున్నాడు. సైమి గారు కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, "విప్పు" అంది. పుల్లల అల్లికైతే కొస లాగితే జరజరా వచ్చేస్తుంది, ఇది రాదు, సూది ఏ దారిన వచ్చిందో ఆ దారినే ఒక్కో చుట్టూ వెనక్కి తియ్యాలి. వారాల తరబడి విప్పాను. అంత సంతోషంగా నేను ఏ పనీ చెయ్యలేదు. ఒంటరివాణ్ని, ఇంట్లో రేడియో తప్ప పలకరించే దిక్కు లేదు, పంటు ఆగిపోతే ఆ బల్ల ఉండదని నాకు నిజంగా భయం వేసింది.

ఈ ఉదయం ఆవిడ పంటెక్కింది. మీతో ఇంకెక్కడ కూర్చుంటానండీ అని అడగాలనుకుని, పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాను. సరస్సు మధ్యకొచ్చాక ఆవిడ తన తొడుగు, సూది, దారంతో సహా నా ఒళ్లో పెట్టింది.

"ఒక వరస వెయ్యి" అంది.

"పాడైపోతుందండీ, బుడిపె కడుతుంది."

"కట్టనీ. తొడుక్కునేది నేనేగా."

వేశాను. పంటును ఎంత మెల్లగా నడిపానంటే పంటు మీదే వెనకనున్న టపా బండిలోంచి ఓస్మో హారన్ మోగించాడు. ("అందుకా బాబాయ్ ఆలస్యం!" నవ్వులు, చప్పట్లు) ఒడ్డుకు తగిలాక ఆవిడ ఆ బుడిపెను వేలితో తడిమి చూసి, "ఇంక ఇది నా ఒక్కదాని వల్ల కాదు, మిగతాది నువ్వూ వెయ్యాలి. గురువారం ఏలకుల బన్నులు చేస్తాను, వంతెన మీదుగా వచ్చెయ్" అంది.

కాబట్టి కెర్తూలా గారూ, ఒళ్లు మండుతోందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అందరికీ, మూడో వరసలో మొహం దాచుకున్నావిడకీ నా కృతజ్ఞతలు. చివరగా ఒక్క మనవి. ప్రారంభోత్సవంలో ఉపన్యాసాలు కాస్త పొట్టిగా కానిచ్చి రిబ్బను త్వరగా కత్తిరించండి. రేపే గురువారం.

సెలవు.