ఈల వేసిందెవరు?

పొద్దున్నే అడవిలోని చెంచుల గూడేనికి, చెంచుపెంటకొచ్చిన కొత్త ఫారెస్టు గార్డు వస్తూనే చెంచు కుర్రాడు అంకన్న రెక్క పట్టుకున్నాడు. అంకన్న తల్లి అడ్డం నిలబడింది.

"తప్పుకో అవ్వా! దుప్పి చచ్చిన లోయలో నీ కొడుకు ఈల వేసి వేటగాళ్లను పిలిచాడు. చెవులారా విన్నా."

"ఆ ఈల అడవిలో తిరిగే రేచుకుక్కలది సారూ."

"కుక్కలు మొరుగుతాయి గానీ ఈల వేస్తాయా?"

"మొరిగే కుక్క కరవదంటారు కదా. ఈ కరిచేవి మొరగవు! పొదల్లో చెదిరిపోతే ఈలతోనే కలుసుకుంటాయి. దుప్పిని కొన్ని తరుముతాయి, కొన్ని వాగు దగ్గర కాపు కాస్తాయి. మంద కదిలితే పులైనా పక్కకు జరగాల్సిందే!"

"కథలు చెప్పకు... ఆగు, అదిగో మళ్లీ ఈల!"

"మా అంకన్న నీ చేతిలోనే ఉన్నాడు. వాడి నోరు చూడు, ఈల వేశాడా?"

"...అవునే! పెంటవాళ్లంతా వినండి, ఈల వేసింది కుక్కలేనట!"

"మా పెంటకెందుకు చాటింపు? మాకు పుట్టినప్పుడే తెలుసు. పోయి మీ ఆఫీసులో చెప్పు."